భారీ అయాన్లు ఢీకొంటే బయటికి ఏమొస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎం.ఫిల్. రోజుల్లో రెండేళ్లపాటు మైక్రోస్కోప్ ముందు కూర్చుని, కేంద్రకాలు పగిలిన చోటునుంచి బయల్దేరిన గీతల్ని లెక్కపెట్టడమే నా పని. ఆ సంగతి ఒకసారి క్లాసులో చెప్పాను, అంతే. అప్పట్నుంచి కర్నూలు, కడప కాలేజీల పిల్లలు కూడా ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇంటర్ ఫిజిక్స్ కాస్త గుర్తుంటే చాలు.

భారీ అయాన్ అంటే ఏంది సార్?

పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను ఒలిచేస్తే మిగిలేది అయాన్. హైడ్రోజన్‌ను ఒలిస్తే ఒక్క ప్రోటాన్ మిగులుతుంది, అది తేలిక. కార్బన్, ఆక్సిజన్, సిలికాన్, బంగారం, సీసం లాంటివి ఒలిస్తే వచ్చేవి భారీ అయాన్లు. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, మొత్తం 208 ఉంటాయి. ప్రోటాన్, న్యూట్రాన్ రెండింటికీ కలిపి న్యూక్లియాన్ అని పేరు. ఈ మాట కింద చాలాసార్లు వస్తుంది.

ఎలక్ట్రాన్లను ఎందుకు ఒలవాలి అంటే, ఆవేశం లేని పరమాణువును విద్యుత్ క్షేత్రం తొయ్యలేదు. తొయ్యలేకపోతే వేగమూ లేదు.

"అధిక శక్తి" అంటే ఎంత?

కాలాన్ని బట్టి అర్థం మారుతూ వచ్చింది. 1974లో అమెరికాలోని బర్క్‌లీలో రెండు యంత్రాల్ని కలిపి బెవలాక్ అనే యాక్సిలరేటర్ (కణాలకు వేగమిచ్చే యంత్రం) తయారుచేశారు. అందులో ఒక్కో న్యూక్లియాన్‌కు సుమారు 2 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్ట్) దాకా శక్తి ఇవ్వగలిగారు. అప్పటికి అదే గొప్ప. రష్యాలోని దుబ్నాలో 3.7 జీఈవీ. 1986లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 14.6 జీఈవీతో సిలికాన్ కేంద్రకాల్ని, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో 200 జీఈవీతో ఆక్సిజన్ కేంద్రకాల్ని నడిపారు. 1994లో సెర్న్ సీసాన్ని 158 జీఈవీకి తెచ్చింది.

ఇవన్నీ కదలని లక్ష్యాన్ని కొట్టినవి. నిలబడి ఉన్న బండిని ఇంకో బండి గుద్దితే శక్తిలో చాలా భాగం రెండూ కలిసి ముందుకు జరగడానికే పోతుంది. రెండూ ఎదురెదురుగా వస్తే అలా వృథా కాదు. అందుకే 2000లో బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే యంత్రం మొదలైంది. బంగారాన్ని బంగారంతో ఎదురెదురుగా, ఒక్కో న్యూక్లియాన్ జంటకు 200 జీఈవీతో ఢీకొట్టించింది. 2010 నవంబరులో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ అనే యంత్రం సీసంతో 2.76 టీఈవీకి, 2015లో 5.02 టీఈవీకి వెళ్లింది. ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీలు.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు "అయితే ఆ దెబ్బకు ఊరు పేలిపోదా?" అంటారు. ఎగిరే దోమకుండే శక్తి సుమారు ఒక టీఈవీ. రెండు సీసం కేంద్రకాల మొత్తం శక్తి కలిపితే వెయ్యి దోమలంత. వెయ్యి దోమలు మా హాస్టల్ గదిలో ఒక్క రాత్రికే ఉండేవి. ఆ శక్తి అంతా కేంద్రకమంత చోటులో ఇరుక్కోవడమే ఇక్కడి విశేషం.

ఢీకొన్నప్పుడు అసలు ఏం జరుగుతుంది?

హైవే 44 మీద ఎర్రగడ్డల లారీలు రెండు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. పూర్తిగా ముఖాముఖి గుద్దుకోలేదు, ఒక పక్క మాత్రం రాసుకుపోయాయి. ఆ పక్కనున్న బస్తాలు చితికి రోడ్డంతా చిందుతాయి. అవతలి పక్క బస్తాలకు దెబ్బ తగలలేదు. అవి ఉన్న వేగంతోనే ముందుకు దూసుకుపోతాయి. కేంద్రకాల్లోనూ ఇదే వరస. ఒకదానిమీద ఒకటి పడ్డ భాగంలోని న్యూక్లియాన్లను పార్టిసిపెంట్లు అంటారు. తప్పించుకున్నవి స్పెక్టేటర్లు, అంటే పక్కనుండి చూసి పోయేవాళ్లు.

రెండు కేంద్రకాల మధ్యబిందువులు ఎంత పక్కకు జరిగి ఉన్నాయో ఆ దూరం పేరు ఇంపాక్ట్ పారామీటర్. అది సున్నాకు దగ్గరైతే నట్టనడిమి దెబ్బ, ఎక్కువైతే అంచు దెబ్బ. దాన్ని ఎవరూ స్కేలు పెట్టి కొలవలేరు. సీసం కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 ఫెర్మీలు. ఒక ఫెర్మీ అంటే మిల్లీమీటర్‌లో లక్ష కోట్లవ వంతు. బయటికొచ్చిన కణాలు ఎన్ని, ముందుకు పోయిన తునకలు ఎన్ని అని చూసి వెనక్కి లెక్కకట్టుకోవాలి. ఈ సబ్జెక్టు మొత్తం ఇలాంటి వెనక్కి లెక్కే.

లారీల పోలిక ఒకచోట పనికిరాదు. రోడ్డుమీద ఎన్ని ఎర్రగడ్డలు చిందినా అవి లారీలో ముందునుంచీ ఉన్నవే. కేంద్రకాల్లో అలా కాదు. తర్వాతి ప్రశ్న చూడండి.

ఇన్ని కణాలు యాడ్నుంచి వస్తాయి? కేంద్రకంలో అన్ని లేవు కదా?

ధర్మవరం పిల్ల ఒకామె ఈ ప్రశ్న అడిగింది. నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. రెండు సీసం కేంద్రకాల్లో కలిపి ఉన్నవి 416 న్యూక్లియాన్లు, వాటిలో ఆవేశం ఉన్నవి 164. ఎల్‌హెచ్‌సీలో 2.76 టీఈవీ దగ్గర నట్టనడిమి దెబ్బ తగిలితే ఆవేశం ఉన్న కణాలే సుమారు 17 వేలు బయటికొస్తాయి. రిక్‌లో బంగారానికి ఆ సంఖ్య సుమారు 5 వేలు.

164 పోయి 17 వేలెలా అయ్యాయి? శక్తి పదార్థంగా మారింది. శక్తికీ ద్రవ్యరాశికీ మారకం ఉందని ఐన్‌స్టీన్ చెప్పిన సమీకరణం బోర్డుమీద రాసి మార్కులు తెచ్చుకుంటాం. దాన్ని కళ్లతో చూడాలంటే ఇక్కడ చూడాలి. ఎక్కువగా పుట్టేవి పయాన్లు అనే తేలిక కణాలు, ఎందుకంటే హాడ్రాన్లలో (క్వార్కులతో కట్టిన కణాల్లో) అన్నిటికంటే చవక అవే, ఒక్కోదానికి సుమారు 140 ఎంఈవీ (జీఈవీలో వెయ్యో వంతు ఒక ఎంఈవీ) చాలు. తర్వాత వాటికంటే బరువైన కేయాన్లు, ప్రోటాన్లు, వాటి ప్రతికణాలు. ప్లస్ ఆవేశంతో ఎన్ని పుడితే మైనస్ ఆవేశంతోనూ అన్నే పుడతాయి, కాబట్టి చివరి లెక్కలో ఆవేశం మళ్లీ 164 దగ్గరే నిలుస్తుంది. అది ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు.

ఎమల్షన్‌లో నలుపు, బూడిద, షవర్ అంటారు. అవేంటి?

ఇది నా సొంత వీధి, కాస్త ఎక్కువ రాస్తాను. ఓపిక లేనివాళ్లు తర్వాతి ప్రశ్నకు పోవచ్చు.

పాతకాలం ఫొటో ఫిల్ముమీద వెండి బ్రోమైడ్ రేణువుల పూత ఉండేది. న్యూక్లియర్ ఎమల్షన్ కూడా అదే, కాకపోతే రేణువులు చిన్నవి, చిక్కగా ఉంటాయి, పూత మందం ఎక్కువ, అర మిల్లీమీటర్ పైచిలుకు. ఆవేశం ఉన్న కణం దాంట్లోంచి పోతే దారిలోని రేణువుల్ని తట్టిలేపుతుంది. డెవలప్ చేశాక ఆ రేణువులు నల్లటి చుక్కలవుతాయి. చుక్కల వరసే కణం నడిచిన దారి. డెవలప్ అయ్యాక పూత మందం సగానికి పైగా తగ్గిపోతుంది, కోణాలు కొలిచేటప్పుడు ఆ తగ్గుదలను సరిచేసుకోవాలి. మొదటి నెలలో నేను అది మర్చిపోయాను, మొత్తం మళ్లీ కొలిచాను.

బీమ్‌లోని (యాక్సిలరేటర్ నుంచి వచ్చే ధారలోని) అయాన్ ఎమల్షన్‌లోని ఏదో కేంద్రకాన్ని గుద్దితే ఒక్క చుక్కనుంచి నలుదిక్కులా గీతలు లేస్తాయి. దాన్ని స్టార్ అంటాం. చూడ్డానికి ముగ్గులా ఉంటుంది. ఆ గీతలన్నీ ఒక్కలా ఉండవు. నెమ్మదిగా పోయే కణం ఎక్కువ రేణువుల్ని తడుతుంది, గీత దట్టంగా పడుతుంది. వేగంగా పోయేది అక్కడక్కడా మాత్రమే తట్టి పోతుంది. ఈ ఒక్క లక్షణంతో మూడు జాతులుగా విడదీస్తాం.

నల్ల గీతలు: కాటుక పెట్టినట్టు దట్టం. 3 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి. వేగం కాంతివేగంలో 0.3 వంతు కంటే తక్కువ. ప్రోటాన్ అయితే శక్తి సుమారు 30 ఎంఈవీ లోపు. దెబ్బ తిన్న లక్ష్య కేంద్రకం వేడెక్కి, ఆ వేడిని దించుకోవడానికి విదిల్చేసిన ప్రోటాన్లు, ఆల్ఫాలు (హీలియం కేంద్రకాలు) ఇవి. దీన్ని బాష్పీభవనం అనే అంటారు. పొయ్యిమీంచి దించిన సంగటి గిన్నెలోంచి ఆవిరి లేచినట్టు అన్ని దిక్కులకూ దాదాపు సమానంగా లేస్తాయి.

బూడిద గీతలు: వేగం 0.3 నుంచి 0.7 వంతు. ఎక్కువగా 30 నుంచి 400 ఎంఈవీ మధ్య శక్తి ఉన్న ప్రోటాన్లు. ఇవి వేడికి లేచినవి కావు, గుద్దులో నేరుగా దెబ్బ తగిలి బయటపడ్డవి. అందుకే ముందువైపుకు ఎక్కువ మొగ్గుతాయి. బూడిద గీతలు ఎక్కువుంటే లోపల ఎక్కువ గుద్దులు జరిగాయని అర్థం.

షవర్ గీతలు: పల్చగా, చుక్కా చుక్కా విడివిడిగా. వేగం 0.7 వంతు పైన. ఎక్కువ భాగం కొత్తగా పుట్టిన పయాన్లు. సన్నటి కుంచెలా ముందుకు చిమ్ముతాయి.

ఇవి కాక నట్టనడుమ, బీమ్ దిక్కునే, చాలా ఇరుకైన కోణంలో బీమ్ అయాన్ తునకలు పోతుంటాయి. ఆక్సిజన్ పగిలి నాలుగు ఆల్ఫాలుగా పోవడం చూస్తే రైలు పట్టాలు పక్కపక్కన వేసినట్టు ఉంటుంది. గీత దట్టం ఆవేశం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఒకే వేగంతో పోయే హీలియం గీత ప్రోటాన్ గీతకంటే నాలుగింతలు దట్టం. అలవాటైన కంటికి చూడగానే తెలుస్తుంది.

ఎమల్షన్‌లో ఏ కేంద్రకాన్ని గుద్దిందో ఎట్ల తెలుస్తుంది?

సూటిగా తెలియదు, అదే దాంతో వచ్చిన తంటా. ఎమల్షన్‌లో హైడ్రోజన్ ఉంది, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయి, వెండి, బ్రోమిన్ ఉన్నాయి. నలుపు, బూడిద గీతల మొత్తాన్ని చూస్తాం. 0 లేదా 1 వస్తే హైడ్రోజన్ కావచ్చు, 2 నుంచి 7 దాకా వస్తే కార్బన్ గుంపు కావచ్చు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే వెండి లేదా బ్రోమిన్. ఆక్సిజన్‌లో ఉన్నవే 8 ప్రోటాన్లు, అవన్నీ విడివిడిగా గీతలై రావడం చాలా అరుదు, అందుకే ఆ గీటు. కింది రెండు గుంపులకూ "కావచ్చు" అని ఎందుకన్నానంటే, వెండి కేంద్రకాన్ని అంచున గీరినా రెండు మూడు గీతలే వస్తాయి. అప్పుడు ఇంకా చిన్న చిన్న ఆధారాలు వెతకాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఎమల్షన్ ప్లేటును గజం గజం చొప్పున వెతికితే పెద్ద స్టార్లు కంట్లో పడతాయి, రెండు గీతలున్న స్టార్లు తప్పిపోతాయి. అప్పుడు "నట్టనడిమి దెబ్బలే ఎక్కువ" అని తప్పుడు లెక్క వస్తుంది. ఒక్కో బీమ్ గీతనే పట్టుకుని, అది గుద్దుకునే దాకా వెంటపోతే ఈ మోసం ఉండదు. కాకపోతే ఆక్సిజన్ అయాన్ ఒకసారి గుద్దుకోవడానికి ఎమల్షన్‌లో సగటున పది పన్నెండు సెంటీమీటర్లు నడుస్తుంది. నూనె చుక్క వేసిన లెన్సు కింద పది సెంటీమీటర్లంటే పెన్నేరు వెంబడి నడిచినట్టే. నేను తొందరపడి మొదటి పద్ధతిలో సగం ప్లేట్లు చూశాను. నా పక్కన కూర్చున్న సీనియర్ అక్క అవే ప్లేట్లను రెండో పద్ధతిలో చూసి, నేను వదిలేసిన స్టార్లు వరసగా గుర్తుపెట్టి నా టేబుల్ మీద పెట్టింది. ఏమీ అనలేదు. ఇద్దరు విడివిడిగా చూసి పోల్చాలనే నియమం ఎందుకుందో ఆరోజు తెలిసింది.

కంప్యూటర్ డిటెక్టర్లు వచ్చాక ఈ ఎమల్షన్ ఎందుకు?

ఎల్‌హెచ్‌సీలో సెకనుకు వేల గుద్దులు నమోదు చేయాలి, దానికి ఎమల్షన్ పనికిరాదు. ఆలిస్ అనే డిటెక్టర్‌లో వాయువు నింపిన పెద్ద డ్రమ్ము ఉంది, అందులో కణాల దారులు విద్యుత్ సంకేతాలుగా పడతాయి. అయితే ఎక్కడ ఏ గీత మొదలైందో ఒక మైక్రాన్ లోపు చెప్పడంలో ఎమల్షన్‌ను కొట్టేది ఇప్పటికీ అరుదు. న్యూట్రినో ప్రయోగాల్లో ఇంకా వాడుతున్నారు, చూసే పని మాత్రం ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. కళ్లు మిగిలాయి.

కణాలన్నీ ఒకేసారి బయటికొస్తాయా?

రావు. మొత్తం సబ్జెక్టుకు తాళంచెవి ఇదే అని నా అభిప్రాయం. జాతర అయిపోయాక జనం ఎలా వెళ్తారో గుర్తుచేసుకోండి. కొందరు మొదట్లోనే తప్పించుకుంటారు, కొందరు గుంపుతో కదులుతారు, కొందరు తెల్లారేదాకా అరుగుమీద కూర్చుంటారు. ఎవరిని అడిగితే వాళ్లు బయల్దేరిన వేళ సంగతే చెబుతారు. కణాలూ అంతే.

కాలాన్ని ఇక్కడ సెకన్లలో చెప్పడం కష్టం. కాంతి ఒక ఫెర్మీ దూరం పోయే సమయాన్ని గడియగా పెట్టుకుందాం. 1 పక్కన 24 సున్నాలు పెట్టండి, సెకనును అన్ని ముక్కలు చేసి మూడు ముక్కలు తీసుకుంటే ఒక గడియ.

మొదటి గడియ లోపే అసలు దెబ్బ అయిపోతుంది. ఎల్‌హెచ్‌సీ వేగానికి కేంద్రకాలు ప్రయాణ దిక్కులో నొక్కుకుపోయి జొన్న రొట్టెలకంటే పల్చగా అవుతాయి, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి దాటిపోవడం లిప్తపాటు. ఈ మొదటి క్షణంలో పుట్టిన ఫోటాన్లు దారిలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా బయటపడతాయి. అందుకే మొదటి వేడి ఎంతో చెప్పగలిగేవి అవే. కాకపోతే తర్వాత పయాన్లు విరిగినప్పుడు పుట్టే ఫోటాన్లు వాటికంటే చాలా ఎక్కువ. గుంపులోంచి మొదటివాళ్లను ఏరడమే పెద్ద పని.

తర్వాత సుమారు పది గడియలపాటు, ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలుండే క్వార్కులు, వాటిని అతికించే గ్లూవాన్లు విడివిడిగా తిరిగే ముద్ద ఒకటి ఉంటుంది. అది ఉబ్బుతూ చల్లబడుతుంది. వేడి సుమారు 156 ఎంఈవీకి (ఇక్కడ వేడిని కూడా శక్తి లెక్కలోనే చెబుతారు) దిగేసరికి పయాన్లెన్ని, కేయాన్లెన్ని, ప్రోటాన్లెన్ని అనే పంపకం ఖరారవుతుంది. దీన్ని కెమికల్ ఫ్రీజవుట్ అంటారు. ఆ తర్వాత కూడా కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి, వేడి 100 ఎంఈవీ దరిదాపుల్లోకి వచ్చాక ఆ తోపులాట కూడా ఆగుతుంది. అప్పుడు ఏ వేగంతో ఉన్నాయో ఆ వేగంతోనే డిటెక్టర్ చేరతాయి.

ఇదంతా ముగిశాక, చాలా నింపాదిగా, దెబ్బతిన్న స్పెక్టేటర్ ముద్దలు ఆవిరి వదలడం మొదలుపెడతాయి. ఎమల్షన్‌లో నేను చూసిన నల్ల గీతలు అవే. అరుగుమీద కూర్చున్న ముసలివాళ్లు.

క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా అంటే?

ప్రోటాన్ లోపల క్వార్కులు బందీలుగా ఉంటాయి, ఒక్కటీ ఒంటరిగా బయటికి రాదు. వేడి సుమారు 155 ఎంఈవీ దాటితే ఆ గోడలు కరిగిపోతాయి. డిగ్రీల్లో చెబితే 1.8 లక్షల కోట్లు, సూర్యుడి గర్భంలోని వేడికి లక్ష రెట్లకు పైన. విశ్వం పుట్టిన మొదటి కొన్ని మైక్రోసెకన్లలో పదార్థమంతా ఇలాగే ఉండేది. ఫోటాన్లను చూసి రిక్ వాళ్లు 2010లో 4 లక్షల కోట్ల డిగ్రీలని చెప్పారు, తర్వాత ఆలిస్ వాళ్లకు 5.5 లక్షల కోట్లు వచ్చింది.

అంత వేడిలో అది వాయువులా ఉంటుందని చాలామంది అనుకున్నారు. 2005లో రిక్ బృందాలు అది ద్రవంలా ప్రవహిస్తోందని ప్రకటించాయి, అదీ జిగట దాదాపు లేని ద్రవం.

ద్రవం అని ఎట్ల కనిపెట్టారు? ముట్టుకుని చూడలేరు కదా!

కణాలు ఏ దిక్కుకు ఎక్కువగా పోతున్నాయో చూసి. రెండు రొట్టెల్ని కాస్త పక్కకు జరిపి ఒకదానిమీద ఒకటి వేయండి. రెండూ కలిసిన చోటు బాదం గింజ ఆకారంలో ఉంటుంది. అంచు దెబ్బలో పుట్టే ముద్దకూ అదే ఆకారం. అది విడివిడి కణాల గుంపు మాత్రమే అయితే కణాలు అన్ని పక్కలకూ సమానంగా పోవాలి. ద్రవమైతే ఇరుకు దిక్కులో ఒత్తిడి తేడా ఎక్కువ, అటువైపు తోపు ఎక్కువ, కాబట్టి అటు ఎక్కువ కణాలు పోవాలి. కొలిస్తే అచ్చం అలాగే వచ్చింది. దీని పేరు ఎలిప్టిక్ ఫ్లో.

ఇంకో ఆధారం కూడా ఉంది. ఒక గుద్దులో ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లో రెండు జెట్లు, అంటే కణాల ధారలు, సమాన బలంతో లేవాలి. సీసం గుద్దుల్లో ఒక ధార దండిగా, ఎదుటిది నీరసంగా కనిపించింది. ఎదుటిది ముద్దలో ఎక్కువ దూరం ఈది అలసిపోయిందన్నమాట. ఎల్‌హెచ్‌సీలో సీసం మొదలైన నెలలోనే, 2010 నవంబరులోనే, అట్లాస్ అనే ఇంకో డిటెక్టర్ బృందం ఇది చూపించింది.

సీసాన్ని బంగారం చేశారంట నిజమేనా? (ప్రొద్దుటూరు నుంచి ఈ ప్రశ్న రాని నెల లేదు)

నిజమే. సీసంలో 82 ప్రోటాన్లు, బంగారంలో 79. మూడు ఊడితే చాలు. విచిత్రమేమిటంటే ఇది గుద్దుకున్నప్పుడు కాదు, గుద్దుకోకుండా పక్కనుంచి పోయినప్పుడు జరుగుతుంది. అంత వేగంతో పోయే సీసం చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రం ఎంత గట్టిగా ఉంటుందంటే, దాని ఫోటాన్ తగిలి ఎదుటి కేంద్రకం వణికిపోతుంది, కొన్ని న్యూట్రాన్లు, ప్రోటాన్లు రాలిపోతాయి. బీమ్ దిక్కునే దూరంగా పెట్టిన డిటెక్టర్లు ఆ రాలినవాటిని లెక్కపెడతాయి.

2015 నుంచి 2018 దాకా ఎల్‌హెచ్‌సీలో ఇలా పుట్టిన బంగారు కేంద్రకాలు సుమారు 8,600 కోట్లని ఆలిస్ బృందం 2025లో చెప్పింది. మొత్తం బరువు 29 పికోగ్రాములు. ఒక్క గ్రాము కావాలంటే ఆ పని ఇంకా మూడు వేల కోట్ల సార్లకు పైగా చేయాలి. అదీకాక ఆ కేంద్రకాలు పుట్టిన వెంటనే గొట్టం గోడకో మరొకదానికో తగిలి ముక్కలవుతాయి. ప్రొద్దుటూరు అంగళ్ల ధర మీద ప్రభావం ఏమీ ఉండదు, అమ్మానాన్నలకు ధైర్యం చెప్పండి.

తుమ్మలపల్లె యురేనియానికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. తుమ్మలపల్లె గని యురేనియం రియాక్టర్ ఇంధనం కోసం. అక్కడ కేంద్రకం ఒక న్యూట్రాన్ తగిలి రెండుగా చీలుతుంది, శక్తి మనకు వస్తుంది. ఇక్కడ మనమే శక్తి పోసి గుద్దిస్తాం, తిరిగి ఏమీ రాదు. కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. గని చుట్టుపక్కల నీళ్లు, నేల గురించి ఊళ్లవాళ్లకున్న ఆందోళన వేరే విషయం, అది ఈ పేజీలో తేలేది కాదు.

ఒక చిన్న చుట్టరికం మాత్రం ఉంది. 2012లో రిక్‌లో యురేనియాన్ని యురేనియంతో గుద్దించారు. ఆ కేంద్రకం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఏ పక్కన తగిలిందనేదాన్ని బట్టి బయటికొచ్చే కణాల సంఖ్య, ప్రవాహం మారుతాయి.

బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందా?

లేదు. అంతరిక్షంనుంచి ఎల్‌హెచ్‌సీ కంటే ఎక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కణాలు కోట్ల ఏళ్లుగా భూమిని, చంద్రుణ్ని కొడుతూనే ఉన్నాయి. భూమి, చంద్రుడు రెండూ ఇంకా ఉన్నాయి. కాస్మిక్ కిరణాల్లో బరువైన కేంద్రకాలున్నాయని 1948లో బెలూన్లతో పైకి పంపిన ఎమల్షన్లలోనే బయటపడింది.

ఈ ఫీల్డులో పెద్ద పొరపాట్లు జరిగాయా?

జరిగాయి, నాకు ఇష్టమైన కథ అనోమలాన్లది. 1980లో బర్క్‌లీ ఎమల్షన్లలో ఒక వింత కనిపించింది. బీమ్ అయాన్ పగిలాక పుట్టిన తునకలు, పుట్టిన కొద్ది సెంటీమీటర్లలోనే లెక్కకు మించి మళ్లీ గుద్దుకుంటున్నాయి. మామూలు కేంద్రకం కాదు, ఏదో కొత్త ఉబ్బిన పదార్థమని కొందరు ఊహించారు. ప్రపంచమంతా అదే వెతికారు. తర్వాతి కొన్నేళ్లలో ఎక్కువ లెక్కలతో, వేరే డిటెక్టర్లతో చూస్తే ఆ వింత నిలవలేదు. రెండు గీతల స్టార్లు తప్పిపోయిన నా ప్లేట్లను తలుచుకుంటే వాళ్లమీద నాకు కోపం రాదు.

దీనివల్ల మామూలు మనిషికి ఉపయోగం ఏముంది?

కార్బన్ అయాన్లతో కేన్సర్ చికిత్స. ఎక్స్‌రే పోయే దారంతా కాలుస్తూ పోతుంది. అయాన్ తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ఆగిపోయే చోట దించుతుంది. ఎంత లోతులో ఆగాలో ముందే పెట్టుకోవచ్చు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి ఈ చికిత్స చేస్తున్నారు. అయితే దారిలో కొన్ని కార్బన్ కేంద్రకాలు పగిలి, తేలికైన తునకలు గడ్డను దాటి ఆవలికి పోతాయి. ఆ తునకలు ఎన్ని, ఎంత దూరం పోతాయని తెలియకపోతే డోసు లెక్క తప్పుతుంది. మేం ఎమల్షన్‌లో చూసే బీమ్ తునకలు అచ్చం ఇలాంటివే.

మన దేశం వాళ్లు ఇందులో ఉన్నారా?

మొదట్నుంచీ ఉన్నారు. బిభా చౌధురి, డి.ఎం. బోస్ 1940 దరిదాపుల్లో డార్జిలింగ్ వైపు కొండలమీద ఫొటో ప్లేట్లు పెట్టి, ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య బరువున్న కణాల గీతలు పట్టారు. యుద్ధకాలంలో మేలైన ప్లేట్లు దొరక్క పని ఆగింది. 1947లో మెరుగైన ఎమల్షన్లతో బ్రిటన్‌లోని పావెల్ బృందం పయాన్‌ను పట్టింది, 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ప్లేట్లు సమయానికి చేతికందితే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తర్వాత జమ్ము, చండీగఢ్, అలీగఢ్, జైపూర్ విశ్వవిద్యాలయాల్లో ఎమల్షన్ బృందాలు నడిచాయి. ఆలిస్‌లో ఫోటాన్లను లెక్కపెట్టే డిటెక్టర్‌ను మనవాళ్లే చేశారు, కోల్‌కతాలోని వీఈసీసీ (వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్) దానికి ముందు నిలిచింది. ఆలిస్‌లో మ్యూవాన్లను (ఎలక్ట్రాన్‌లాంటివే, బరువైన కణాలు) పట్టే డిటెక్టర్‌కు కావలసిన మానస్ అనే చిప్ కోల్‌కతా సాహా సంస్థ చొరవతో, చండీగఢ్ పక్కనున్న మొహాలీలో తయారైంది. 2017లో భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశమైంది.

కర్నూలు, అనంతపురం, కడప నుంచి ఇందులోకి పోవాలంటే?

డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా ఉండాలి. ఎం.ఎస్సీ.కి జామ్, పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్ పరీక్షలు ఉన్నాయి. మా పిల్లల్లో చాలామందికి పరీక్ష కంటే ఇంగ్లిష్ టెన్షన్ ఎక్కువ. అది ఆర్నెల్లలో పోయేదే. ప్రోగ్రామింగ్ ఇప్పట్నుంచే నేర్చుకోండి, అది ఆర్నెల్లలో వచ్చేది కాదు. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఎల్‌హెచ్‌సీ అసలు గుద్దుల డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని చూసే రూట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. గుంతకల్లు కుర్రాడొకడు పాత ల్యాప్‌టాప్‌లో కణాల సంఖ్యల గ్రాఫ్ గీసి నాకు పంపాడు. నేను రెండేళ్లు కళ్లు పోగొట్టుకుని గీసిన దానికంటే అందంగా ఉంది.

సార్, మీరు చూసిన ప్లేట్లు ఇప్పుడు యాడున్నాయి?

ఎక్కువ భాగం ఇచ్చేశాను. ఒకటి మాత్రం గైడ్ గారి అనుమతితో నా దగ్గరే ఉంది, బీరువాలో నల్ల కాగితంలో చుట్టి పెట్టాను. డెవలప్ చేసింది కాబట్టి వెలుతురు తగిలినా ఏమీ కాదు, నల్ల కాగితం ఉత్త అలవాటు. మీ కాలేజీలో నూనె లెన్సు ఉన్న మైక్రోస్కోప్ ఉంటే చెప్పండి, పట్టుకొస్తాను. నేను తొందరపడి వెతికిన సగంలోది అది. రెండు గీతల స్టార్లు అందులో ఇంకా ఎవరి కంటా పడకుండా ఉండే ఉంటాయి.